కుట్టని కందిరీగ

అది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. పెరట్లో అలసంద పాదులు పెట్టారు. అలసందలనే కొన్ని చోట్ల బొబ్బర్లు అంటారు. పక్కన నాలుగు వంగ మొక్కలు. గట్టు మీద బంతి మొక్కలు. ఇంట్లోకి కావలసిన కూర చాలావరకు ఈ పెరట్లోనే కాస్తుంది.

ఒకరోజు పొద్దున్నే కోడలు కాయలు కోయడానికి వెళ్ళింది. వెంట నాలుగేళ్ళ పిల్ల కూడా వచ్చింది. ఒక తీగ పక్కకు తీసిందో లేదో, కోడలి గుండె ఝల్లుమంది. వెనక ఆకు మీద నల్లటి పురుగు కూర్చుని ఉంది. ఒంటి మీద పసుపు పట్టీలు ఉన్నాయి. అచ్చం కందిరీగే!

కోడలు పిల్లను ఒక్క ఉదుటున ఎత్తుకుంది. పోయిన నెలలోనే ఆ పిల్లను కందిరీగ కుట్టింది. చెయ్యి మోచేతి దాకా వాచింది. రెండు రాత్రులు పిల్ల నిద్రపోలేదు. తల్లీ నిద్రపోలేదు.

"అత్తా! కందిరీగలు పెరట్లోకి వచ్చినాయి!" అని కేక పెట్టింది.

అత్త పరుగున వచ్చింది. వెనకాలే కొడుకు కూడా వచ్చాడు. "చేనికి కొట్టగా మిగిలిన మందు ఉంది. తెచ్చి కొడతా. ఒక్కటి కూడా మిగలదు" అన్నాడు.

"మందు ఎందుకురా? పాత చీపురుకు నిప్పంటించి తీసుకురా" అంది అత్త.

ఈలోగా కోడలు దూరం నుంచే మళ్ళీ చూసింది. ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఇంత అరిచినా ఆ పురుగు ఎగరలేదు. మీదికి రాలేదు. పైగా అది ఒకటి కాదు, రెండు. తోకకు తోక ఆనించుకుని, చెరొక వైపుకు తిరిగి, కదలకుండా కూర్చున్నాయి.

కందిరీగలు ఇట్లా కూర్చుంటాయా?

అత్త గుర్తు పట్టింది

కోడలు ఇంట్లోకి వెళ్ళి ఒక గాజు గ్లాసు తెచ్చింది. తన నోటు పుస్తకం కూడా తెచ్చింది. గ్లాసును మెల్లగా ఆ పురుగుల మీద బోర్లించింది. ఆకు కింద నుంచి పుస్తకం అట్ట జరిపి మూసింది. చేత్తో తాకలేదు.

పురుగులు గ్లాసులో రెక్కలు కొట్టుకున్నాయి. గ్లాసు గోడకు సన్నని నల్లటి పొడి అంటుకుంది.

అత్త వంగి చూసింది. ఆమెకు అక్షరాలు రావు. కానీ ఇరవై ఏళ్ళు పట్టుపురుగులు పెంచిన చెయ్యి ఆమెది. మల్బరీ ఆకు కోసి వేసింది. పురుగులు నాలుగుసార్లు కుబుసం విడవడం చూసింది. చంద్రికల్లో గూళ్ళు కట్టడం చూసింది. అమ్మకుండా మిగిలిన గూళ్ళలోంచి రెక్కల పురుగులు బయటికి రావడం కూడా చూసింది.

"ఇది కందిరీగ కాదమ్మీ" అంది అత్త. "ఈ పొడి చూడు. పట్టుగూట్లోంచి వచ్చే రెక్కల పురుగుకు ఇట్లాంటి పొడే ఉంటుంది. ముట్టుకుంటే వేళ్ళకు అంటుకుంటుంది. కందిరీగకు పొడి ఎక్కడిది?"

అత్త చెప్పింది నిజమే. అది కందిరీగ వేషం వేసిన రెక్కల పురుగు. దానికి ముల్లు లేదు. కుట్టడం దానికి చేతకాదు.

పొడి కాదు, పొలుసులు

రెక్కల పురుగునే పుస్తకాల్లో శలభం అంటారు. రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులు శలభాలే. పట్టుపురుగు పెద్దదై రెక్కలతో బయటికి వస్తే అదీ శలభమే. సీతాకోకచిలుక శలభానికి దగ్గరి చుట్టం.

వీటన్నిటి బతుకు నాలుగు దశల్లో నడుస్తుంది. మొదట గుడ్డు. గుడ్డులోంచి ఆకు తినే పురుగు వస్తుంది. ఒంటి నిండా వెంట్రుకలు ఉంటే దాన్ని గొంగళి పురుగు అంటాం. తరువాత అది తిండి మాని ముడుచుకుంటుంది. ఈ దశను ప్యూపా అంటారు. పట్టుగూడు లోపల ఉండేది ఈ ప్యూపాయే. చివరికి రెక్కల పురుగు వస్తుంది. అది మళ్ళీ గుడ్లు పెడుతుంది.

శలభం రెక్క మీద ఉండేది నిజానికి పొడి కాదు. చాలా చిన్న పొలుసులు. ఇంటి మీద పెంకులు పేర్చినట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. రెక్కల మీది రంగులు ఈ పొలుసులవే. పొలుసులు రాలిపోతే రంగు కూడా పోతుంది.

పెరట్లో కనిపించిన శలభం రెక్కలు నల్లగా ఉన్నాయి. కానీ అక్కడక్కడా అద్దం ముక్కల్లాంటి మచ్చలు ఉన్నాయి. వాటిలోంచి అవతలి ఆకు పచ్చగా కనబడుతుంది. ఆ మచ్చల దగ్గర పొలుసులు లేవు. అందుకే కిటికీ తెరిచినట్టు ఉంటుంది. కందిరీగ రెక్క పలుచగా ఉంటుంది కదా? దూరం నుంచి చూస్తే ఈ కిటికీల రెక్క కూడా అట్లాగే కనబడుతుంది.

'ద'కూ 'ధ'కూ తేడా తెలిసినట్టే

చదువు మొదలుపెట్టిన రోజులు గుర్తు తెచ్చుకోండి. 'ద', 'ధ', 'థ' మూడూ ఒకేలా కనిపిస్తాయి. తరువాత కన్ను అలవాటు పడుతుంది. కింద చిన్న గీత ఉంటే 'ధ'. పొట్టలో చుక్క ఉంటే 'థ'. ఏమీ లేకపోతే 'ద'. ఆ చిన్న గుర్తు తెలిశాక ఇక తడబాటు ఉండదు.

పురుగులను గుర్తు పట్టడం కూడా అంతే. మొత్తం రూపం చూస్తే మోసపోతాం. చిన్న గుర్తులు చూస్తే తెలిసిపోతుంది. కాస్త దూరంగా నిలబడి ఈ గుర్తులు చూడాలి.

ఒకటి, నడుము. కందిరీగకు ఛాతీకీ పొట్టకూ మధ్య నడుము బాగా సన్నగా ఉంటుంది. దారంతో బిగించి కట్టినట్టు ఉంటుంది. శలభానికి అట్లాంటి సన్నని నడుము లేదు. ఒళ్ళు పైనుంచి కింది దాకా ఒకేలా సాగుతుంది.

రెండు, రెక్కలు పెట్టుకునే తీరు. మన ఇళ్ళ చూరుకు గూడు పెట్టే కందిరీగ వాలినప్పుడు రెక్కలను పొడుగునా మడుచుకుంటుంది. అవి సన్నని పట్టీల్లా కనబడతాయి. ఈ శలభం అట్లా మడవదు. రెండు పక్కలకూ చాచి కూర్చుంటుంది. దాని ముందు రెక్కలు పెద్దవి. వెనక రెక్కలు బాగా చిన్నవి.

మూడు, పొడి. శలభం రెక్కకు పొలుసుల పొడి ఉంటుంది. కందిరీగ రెక్కకు ఉండదు.

నాలుగు, నోరు. కందిరీగకు కొరికే దవడలు ఉంటాయి. శలభానికి దవడలు ఉండవు. సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని చాప చుట్టినట్టు చుట్టి పెట్టుకుంటుంది. పువ్వు మీద వాలితే విప్పి తేనె పీలుస్తుంది.

ఐదు, నడవడి. కందిరీగ పనిమనిషి. ఆకులు వెతుకుతూ, పురుగులు పట్టుకుంటూ, గూటికి మోసుకుపోతూ ఉంటుంది. దాని ఎగురుడు చురుకుగా ఉంటుంది. ఈ శలభం బద్ధకంగా, నిదానంగా ఎగురుతుంది. చాలాసేపు ఒకే ఆకు మీద కూర్చుంటుంది. జత కట్టిన ఆడ, మగ శలభాలు గంటల తరబడి తోకకు తోక ఆనించుకుని ఉంటాయి. కోడలు చూసింది ఆ జంటనే.

ఒక్క గుర్తు చూసి నిర్ణయానికి రాకూడదు. మూడు నాలుగు గుర్తులు కలవాలి. అప్పటికీ అనుమానం ఉంటే కందిరీగే అనుకుని దూరంగా ఉండడం మంచిది.

దాని పేరేమిటి?

ఇట్లాంటి శలభాలను ఇంగ్లీషులో వాస్ప్ మాత్ అంటారు. కందిరీగ శలభం అని అర్థం. ఇందులో చాలా రకాలు ఉన్నాయి. మన దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే ఒక రకానికి శాస్త్రవేత్తలు అమాటా పస్సాలిస్ అని పేరు పెట్టారు. దాని గురించి 1781లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త మొదట రాశాడు. దీని పురుగు గంధపు చెట్ల ఆకు తింటుంది. ఇంకా చాలా మొక్కల ఆకులు కూడా తింటుంది. గంధపు తోటల్లో ఎక్కువైతే ఆకు లేకుండా చేస్తుంది.

శలభాలంటే రాత్రి తిరిగేవి అనుకుంటాం. ఈ కందిరీగ శలభం మాత్రం పట్టపగలే తిరుగుతుంది. పక్షులూ తొండలూ మేలుకుని ఉండే వేళ అది. మరి అంత ధైర్యం ఎక్కడ నుంచి వచ్చింది? వేషం నుంచి వచ్చింది.

వేషం ఎందుకు?

కందిరీగను ఒకసారి నోట పెట్టుకున్న పక్షి దాన్ని మరిచిపోదు. నోరు మండుతుంది. ఆ తరువాత నలుపు మీద పసుపు పట్టీలు కనబడితే చాలు, పక్కకు తప్పుకుంటుంది. అంటే ఆ పసుపు పట్టీ కందిరీగ రాసిపెట్టుకున్న హెచ్చరిక. 'నా జోలికి రావద్దు' అని దాని అర్థం.

శలభం కూడా అదే హెచ్చరికను ఒంటి మీద మోస్తుంది. ముల్లు లేదు కానీ ముల్లు ఉన్నట్టు కనబడుతుంది. పక్షి భయపడి వదిలేస్తుంది. పొలంలో గడ్డి బొమ్మ పెడతాం. చొక్కా తొడుగుతాం. తలకు కుండ పెడతాం. పిట్టలు మనిషి అనుకుని దూరంగా పోతాయి. ఇదీ అట్లాంటిదే.

కానీ ఒక మెలిక ఉంది. పొలంలో మనిషి ఎప్పుడూ తిరగకుండా ఒట్టి బొమ్మలే ఉంటే పిట్టలు కొన్నాళ్ళకు కనిపెట్టేస్తాయి. బొమ్మ నెత్తినే వాలతాయి. అట్లాగే నిజమైన కందిరీగలు చుట్టుపక్కల ఉన్నంత కాలమే శలభం వేషం పనిచేస్తుంది. కందిరీగలన్నీ పోతే ఆ పసుపు పట్టీకి విలువ ఉండదు.

రాత్రి బడికి వెళ్ళిన కుర్రవాడు

ఈ వేషాల గుట్టును లోకానికి విడమరిచి చెప్పినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్. ఆయన 1825లో ఇంగ్లండులోని లెస్టర్ ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు మేజోళ్ళ తయారీకి పేరుపడింది. బేట్స్ చిన్న వయసులోనే బడి మానేశాడు. మేజోళ్ళ వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. పగలంతా పని. రాత్రిపూట కార్మికుల కోసం నడిపే బడికి వెళ్ళేవాడు. అక్కడి పుస్తకాలు చదివేవాడు. సెలవు దొరికితే పొలాల్లో పురుగులు ఏరేవాడు.

1848లో ఆయన వాలెస్ అనే స్నేహితుడితో కలిసి ఓడ ఎక్కాడు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకు వెళ్ళాడు. 1859 దాకా, అంటే 11 ఏళ్ళు అక్కడే ఉన్నాడు. 14 వేలకు పైగా రకాల జీవులను సేకరించాడు. వాటిలో ఎక్కువ భాగం పురుగులే. దాదాపు 8 వేల రకాలు అప్పటిదాకా శాస్త్రవేత్తలు ఎరగనివి.

అడవిలో ఆయన ఒక వింత గమనించాడు. కొన్ని సీతాకోకచిలుకలను పక్షులు తినవు. అవి చేదు. వాటి మధ్యనే మరో రకం ఎగురుతూ ఉంటుంది. రంగులో, గీతల్లో అచ్చం వాటిలాగే ఉంటుంది. కానీ పట్టుకుని దగ్గరగా చూస్తే వేరే కుటుంబానిది. తినదగినదే చేదుదాని వేషం వేసిందని ఆయన గ్రహించాడు. 1862లో ఆ సంగతి అచ్చువేశాడు. ఇట్లా వేషం వేయడాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కప్ప నేర్చిన పాఠం

వేషం నిజంగా పనిచేస్తుందా? దీన్ని పరీక్ష పెట్టి చూసినవారు ఉన్నారు. అమెరికాలో జేన్ బ్రోవర్ అనే మహిళా శాస్త్రవేత్త, ఆమె భర్త లింకన్ బ్రోవర్, మరొకరు కలిసి గోదురు కప్పలతో ఒక పరీక్ష చేశారు. దాని ఫలితం 1960లో అచ్చయింది.

వాళ్ళు కొన్ని కప్పలకు కుట్టే తుమ్మెదలను ఇచ్చారు. కప్పలు నోట పెట్టుకుని కుట్టించుకున్నాయి. ఆ తరువాత తుమ్మెదలాగా కనిపించే ఒక ఈగను ఇచ్చారు. దానికి తుమ్మెద ముల్లు లేదు. అయినా ఆ కప్పలు దాన్ని ముట్టలేదు. తుమ్మెద రుచి ఎరగని కప్పలు మాత్రం ఆ ఈగను తినేశాయి.

దీనివల్ల ఏం తెలిసింది? కప్ప కూడా అనుభవంతో నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని గుర్తు పెట్టుకుంటుంది. వేషగాడు ఆ జ్ఞాపకాన్ని వాడుకుని బతుకుతాడు.

వేషం ఎవరు కుట్టారు?

శలభం అద్దం ముందు కూర్చుని వేషం వేసుకోలేదు. కందిరీగలా ఉండాలని అనుకోనూ లేదు. మరి ఎట్లా వచ్చింది?

విత్తనం సంగతి మీకు తెలుసు. కల్లంలో మంచి కంకులు ఏరి విత్తనానికి దాస్తాం. మరుసటి ఏడు అట్లాంటి కంకులే ఎక్కువ వస్తాయి. ప్రతి ఏడూ ఏరుతూ పోతే పంట తీరే మారుతుంది.

ఇక్కడ ఏరింది పక్షులు. చాలా చాలా కాలం కింద కొన్ని శలభాలు ఏ కొంచెమో కందిరీగలా ఉండి ఉంటాయి. పక్షులు వాటిని చూసి కాస్త వెనుకాడాయి. మిగతావాటిని తిన్నాయి. తినగా మిగిలినవే గుడ్లు పెట్టాయి. పిల్లల్లో ఇంకొంచెం పోలిక ఉన్నవి మళ్ళీ మిగిలాయి. లెక్కలేనన్ని తరాలు ఇట్లా గడిచాయి. తల్లి నుంచి పిల్లకు ఆ పోలిక పెరుగుతూ వచ్చింది.

మరి కొందరు వేషగాళ్ళు

మన పెరళ్ళలో ఇంకా వేషగాళ్ళు ఉన్నారు.

గంధరాజం పూల చెట్టు ఉన్న చోట ఒక పెద్ద శలభం కనబడుతుంది. అది తుమ్మెదలా గాలిలో ఒకే చోట నిలబడి తేనె పీలుస్తుంది. రెక్కలు అద్దంలా ఉంటాయి. గూట్లోంచి వచ్చినప్పుడు దాని రెక్కలకూ పొలుసులు ఉంటాయి. మొదటిసారి ఎగరగానే అవి రాలిపోతాయి. ఇది కూడా కుట్టదు.

పూల మీద చిన్న ఈగలు పసుపు, నలుపు చారలతో తిరుగుతాయి. చూస్తే తేనెటీగలు, కందిరీగలు అనిపిస్తాయి. రెక్కలు లెక్కపెట్టండి. కందిరీగకు, తేనెటీగకు, శలభానికి నాలుగు రెక్కలు ఉంటాయి. ఈగకు రెండే. ఈ చారల ఈగల్లో చాలావాటి పిల్ల పురుగులు పేనుబంకను తింటాయి. అంటే అవి మన చిక్కుడుకు, అలసందకు మేలు చేసేవి.

మందు కొట్టాలా?

ఇప్పుడు మళ్ళీ పెరట్లోకి వద్దాం.

కొడుకు అప్పటికే మందు డబ్బా తెచ్చాడు. కోడలు దాన్ని నేల మీద పెట్టమంది. డబ్బా మీద ఎర్రటి గుర్తు ఉంది. పుర్రె, ఎముకల బొమ్మ ఉంది. పక్కన 'విషం' అని రాసి ఉంది. కోడలు కూడబలుక్కుని చదివింది. డబ్బాతో వచ్చిన కాగితం కూడా చదివింది. అందులో పత్తి అని ఉంది. కూరగాయల పేరు ఒక్కటీ లేదు.

"ఇది పత్తి చేనిది. ఈ సాయంత్రం మనం తినే కాయ మీద కొడతావా?" అని అడిగింది. అతను మాట్లాడలేదు. డబ్బా తీసుకుపోయి పిల్లలకు అందని చోట పెట్టాడు.

మందు డబ్బా మీది రంగు గుర్తుకు అర్థం ఉంది. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తరువాత పసుపు. తరువాత నీలం. ఆకుపచ్చ అంటే వీటిలో తక్కువ విషం. ఏ రంగైనా అది మందే, తినే వస్తువు కాదు. ఏ పంటకు కొట్టాలో, ఎంత కలపాలో, కొట్టిన ఎన్ని రోజులకు కాయ కోయాలో కాగితంలో ఉంటుంది. చదవకుండా కొట్టకూడదు.

పెరట్లో రెండు మూడు శలభాలు కనబడితే ఏ మందూ అక్కరలేదు. పెద్ద శలభం ఆకు తినదు. దాని గొంగళి పురుగులు తింటాయి. ఆకుల అడుగున గుంపుగా గుడ్లు కనబడితే ఆ ఆకు తుంచేస్తే సరిపోతుంది. గొంగళి పురుగులు ఉంటే పుల్లతో ఏరి సబ్బు నీళ్ళలో వేయాలి. వట్టి చేత్తో పట్టుకోకూడదు. వాటి వెంట్రుకలు తగిలితే దురద పుట్టవచ్చు.

పురుగులు మరీ ఎక్కువైతే వేప గింజల కషాయం కొట్టవచ్చు. లీటరు నీటికి 50 గ్రాముల వేప పప్పు పొడి కావాలి. పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొద్దున పిండి, వడకట్టాలి. చిటికెడు సబ్బు పొడి కలపాలి. ఎండ తగ్గాక ఆకుల అడుగు దాకా తడిచేలా చల్లాలి. కాయలను బాగా కడిగి వండుకోవాలి.

నిజం కందిరీగ శత్రువా?

అత్త చూరు వైపు చూపించింది. "అక్కడ ఉండేవి మాత్రం నిజం కందిరీగలే. వాటిని కాల్చేద్దామా?"

కందిరీగ కుడుతుంది, నిజమే. కానీ అది మన పెరటికి కాపలా కూడా కాస్తుంది. గొంగళి పురుగులను వేటాడి, నమిలి, తన పిల్లలకు పెడుతుంది. మనం ఏరవలసిన పురుగులను అది ఏరుతుంది. కట్టె పీచు నమిలి, ఉమ్మితో కలిపి, కాగితం లాంటి గూడు కడుతుంది. ఇంత పని చేసేవి ఆడ కందిరీగలే. కుట్టేది కూడా ఆడదే. గుడ్లు పెట్టే గొట్టమే మారి ముల్లు అయింది. మగదానికి ముల్లు లేదు.

గూడు ఎవరూ తిరగని మూల ఉంటే దాని మానాన దాన్ని వదిలేయవచ్చు. తలుపు మీదో, పిల్లలు ఆడే చోటో ఉంటే తీయించాలి. అనుభవం ఉన్నవారి చేతనే తీయించాలి. చూరు కింద మంట పెట్టకూడదు. గూటితో పాటు ఇల్లు కూడా అంటుకోవచ్చు. పిల్లలు రాళ్ళు వేయకుండా చూడాలి.

కందిరీగ కుడితే ముందు అక్కడి నుంచి దూరంగా పోవాలి. కుట్టిన చోట సబ్బుతో, నీళ్ళతో కడగాలి. చల్లని తడిగుడ్డ వేయాలి. వేళ్ళకు ఉంగరాలు, చేతికి గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయాలి. తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. దాన్ని వెంటనే గోటితో గీకి తీయాలి. కందిరీగ ముల్లు వదలదు. అందుకే అది మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. కంటి దగ్గర కుడితే సున్నం పెట్టకూడదు. కంటికి ప్రమాదం.

కొందరికి ఒక్క కాటు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ముఖం, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, కళ్ళు తిరిగినా ఆలస్యం చేయకూడదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రికి తీసుకుపోవాలి. నోట్లో, గొంతులో కుట్టినా, ఒకేసారి చాలా కందిరీగలు కుట్టినా అంతే. మంత్రం వేయిస్తూ కాలం గడపకూడదు.

నోటు పుస్తకంలో ఒక పేజీ

కోడలు గ్లాసును మళ్ళీ అలసంద పాదు దగ్గర పెట్టింది. అట్ట తీసింది. రెండు శలభాలూ కాసేపు అట్లాగే ఉన్నాయి. తరువాత ఒకటి నిదానంగా ఎగిరి బంతి పువ్వు మీద వాలింది.

పిల్ల తల్లి కొంగు వెనక నుంచి చూసింది. "అవ్వా, అది కుట్టదా?" అని అడిగింది.

"ఇది కుట్టదు. చూరు కిందిది కుడుతుంది. రెంటికీ తేడా చెబుతాను రా" అని అవ్వ మనవరాలిని దగ్గరికి తీసుకుంది.

కోడలు నోటు పుస్తకం తెరిచింది. ఆ రోజు తేదీ వేసింది. 'నల్ల రెక్కలు. రెక్కల్లో కిటికీలు. పసుపు పట్టీ. సన్న నడుము లేదు. పొడి ఉంది. కుట్టదు' అని రాసింది. కింద మరో మాట చేర్చింది. 'అత్త గుర్తు పట్టింది.'

రాసింది పైకి చదివి వినిపించింది. అత్త ఒక్క క్షణం ఊరుకుంది. తరువాత ఆ చివరి మాట మీద వేలు పెట్టింది.

"ఇందులో 'అత్త' ఎక్కడుంది? చూపించు" అంది.

చెప్పండి

1. కందిరీగకూ కందిరీగ శలభానికీ ఉన్న తేడాలు ఏవి?
2. కందిరీగలన్నీ పోతే శలభం వేషం ఎందుకు పనిచేయదు?
3. మందు డబ్బా మీద ఎర్ర గుర్తు ఉంటే ఏమిటి అర్థం?
4. కందిరీగ కుట్టినప్పుడు ఏ గుర్తులు కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి?

చేసి చూడండి

మీ పెరట్లో పువ్వుల దగ్గర కాసేపు దూరంగా కూర్చోండి. వచ్చిన పురుగుల రెక్కలు లెక్కపెట్టండి. నడుము చూడండి. ఎట్లా ఎగురుతుందో చూడండి. చూసింది నాలుగు మాటల్లో రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ పురుగును ఏమని పిలుస్తారో అడిగి, ఆ పేరు కూడా పక్కన రాయండి.